అమెరికాలో దిగేటప్పుడు కాగితాలు ఎక్కడుండాలి

అమెరికా ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దాటాకే పెద్ద సూట్‌కేసులు చేతికొస్తాయి. ఆ క్యూలో ఫోన్ వాడనివ్వరు కూడా. కాబట్టి చదువుకోడానికి వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు, సంతకం చేసిన ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం), సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ కోసం అమెరికా ప్రభుత్వానికి కట్టేది) రసీదు, అడ్మిషన్ లెటర్, బ్యాంకు కాగితాలు ఒకే ఫైల్లో సర్దుకోండి. అన్నిటికీ పైన ఒక తెల్లకాగితం పెట్టి, ఉండబోయే ఇంటి అడ్రసు (జిప్ కోడ్‌తో సహా), యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు నంబరు, పికప్‌కి వచ్చేవాళ్ల నంబరు పెద్ద అక్షరాల్లో రాయండి. నిద్ర లేని ప్రయాణం తర్వాత ఆ కాగితం ఒక్కటే చాలా టెన్షన్ తగ్గిస్తుంది.

ఫైలు మాత్రం క్యాబిన్ ట్రాలీలో వద్దు, భుజాన వేసుకునే బ్యాగులోనే ఉంచండి. విమానం నిండితే ట్రాలీని గేటు దగ్గరే తీసుకుని కింద లగేజీలో వేసేస్తారు. అబుదాబి నుంచి నేరుగా అమెరికా వెళ్లేవాళ్లకు మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ మామూలుగా విమానం ఎక్కకముందే అబుదాబిలోనే జరుగుతుంది, కాబట్టి ఫైలు అక్కడే చేతిలో ఉండాలి.