థాడియస్ స్టీవెన్స్ జీవితంపై వ్యాసం రాయడం: వరంగల్ విద్యార్థులకు సూచనలు

కాకతీయ విశ్వవిద్యాలయంలోనో హనుమకొండ కళాశాలల్లోనో చరిత్ర చదువుతూ అమెరికా న్యాయవాది, శాసనకర్త థాడియస్ స్టీవెన్స్ (1792–1868) గురించి రాయదలచినవారు, ముందుగా ఆయన పనిచేసిన రెండు సభలను విడదీసి చూపాలి. మంథని నుంచి శాసనసభకూ, ఆ తరువాత హనుమకొండ నుంచి లోక్‌సభకూ వెళ్ళిన పీవీ నరసింహారావును గుర్తు చేస్తే మన పాఠకులకు ఆ తేడా వెంటనే అర్థమవుతుంది. స్టీవెన్స్ మొదట పెన్సిల్వేనియా రాష్ట్ర సభలో ఉండి, 1849లో వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభలో అడుగుపెట్టారు.

వెర్మాంట్‌లోని పేదింటి బాల్యం, పుట్టుకతో వచ్చిన వంకరపాదం, డార్ట్‌మత్ కళాశాల చదువు, 1816లో గెటిస్‌బర్గ్‌లో వకీలుగా స్థిరపడటం: వీటికి ఒక పేరా చాలు.

1821 నాటి బట్లర్ వ్యాజ్యాన్ని మాత్రం దాచకండి. స్వేచ్ఛ కోరి కోర్టుకెక్కిన చారిటీ బట్లర్ అనే నల్లజాతి స్త్రీకి వ్యతిరేకంగా, యజమాని పక్షాన వాదించి స్టీవెన్స్ గెలిచారు. బానిసత్వంపై జీవితాంతం పోరాడిన మనిషి చరిత్రలో ఇది ఇబ్బంది పెట్టే ఘట్టమే. అయినా దీన్ని వదిలేసి రాసిన జీవితచరిత్ర స్తోత్రమవుతుందే తప్ప చరిత్ర కాదు. దీని పక్కనే, నల్లజాతివారి ఓటుహక్కును తొలగించిందన్న కారణంతో 1838 నాటి పెన్సిల్వేనియా రాజ్యాంగంపై ఆయన సంతకం చేయని సంగతినీ ఉంచండి.

ఎక్కువ చోటు 1835 ఏప్రిల్ ప్రసంగానికి ఇవ్వాలి. పన్నుల భారమన్న ఆగ్రహంతో, అంతకు ముందు ఏడాదే చేసిన ఉచిత పాఠశాలల చట్టాన్ని రద్దు చేయడానికి రాష్ట్ర సెనేట్ ఒప్పుకున్నాక, దిగువసభలో స్టీవెన్స్ చేసిన వాదన ఆ చట్టాన్ని నిలబెట్టింది. నా దృష్టిలో ఆయన చేసిన పనులన్నిటిలో మిన్న ఇదే.

1865లో, అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణ రాష్ట్రాల పెద్ద తిరుగుబాటుదారుల భూములను స్వాధీనం చేసుకుని, బానిసత్వం నుంచి విముక్తులైన వయోజన పురుషులకు తలా 40 ఎకరాలు ఇవ్వాలని ఆయన ప్రతిపాదించారు. జనగామ ప్రాంత భూపోరాటాలు తెలిసిన మనకు పోలిక తోచడం సహజం. కానీ అక్కడి జాతీయ చట్టసభ అయిన కాంగ్రెస్ దాన్ని అంగీకరించలేదు కనుక, పోల్చేముందు ఆ వైఫల్యానికి కారణాలు రాయండి.

అమెరికా రాజ్యాంగ పద్నాలుగో సవరణ దగ్గర మన రాజ్యాంగం 14వ అధికరణాన్ని తెరిచి పక్కన పెట్టుకోండి: చట్టాల సమాన రక్షణ అన్న హామీ రెండింటిలోనూ ఉంది. సవరణ తాను కోరినంత బలంగా లేకపోయినా, అప్పటికి సాధ్యమైనది అదేనని భావించి స్టీవెన్స్ దాన్ని 1866లో సభలో నెగ్గించారు.

అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌పై 1868లో జరిగిన అభిశంసన ఒక్క ఓటు తేడాతో వీగిపోవడాన్ని క్లుప్తంగా చెప్పి, ఆ ఆగస్టు 11న స్టీవెన్స్ మరణంతో ముగించవచ్చు. కాంగ్రెస్‌లో ఆయన చేసిన ప్రసంగాల వాక్యాలు ఉదహరించేటప్పుడు ఇతరుల వ్యాసాల నుంచి ఎత్తిరాయకుండా, ఆనాటి సభా చర్చల సంపుటాలైన కాంగ్రెషనల్ గ్లోబ్‌తో సరిచూసుకోండి. అవి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.