లాస్ట్ డచ్‌మన్ గని – పాఠం 4: ఒకే పేరుతో ఉన్న మనుషులను విడదీయడం

గత పాఠంలో పత్రాలు ఎక్కడ దొరుకుతాయో చూశాం. ఈ పాఠంలో, దొరికిన పత్రాలు ఒకే మనిషివో కాదో తేల్చడం నేర్చుకుందాం. ఉదాహరణ అదే: అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని సూపర్‌స్టిషన్ కొండల్లో ఉందని చెప్పుకునే లాస్ట్ డచ్‌మన్ బంగారు గని. ఆ గనిని కనిపెట్టాడని చెప్పుకునే డచ్‌మన్ హాలండ్ దేశస్థుడు కాదు, జర్మన్. ఆ రోజుల్లో అక్కడి జనం జర్మన్లను డచ్‌వాళ్లనే పిలిచేవారు. పుట్టిన దేశం గడిలో హాలండ్ కోసం వెతికితే అసలు మనిషి ఎప్పటికీ దొరకడు.

ఆ జర్మన్ పేరు జేకబ్ వాల్ట్జ్. 1891 అక్టోబర్ 25న అరిజోనాలోని ఫీనిక్స్‌లో, తనను చూసుకున్న జూలియా థామస్ ఇంట్లో చనిపోయాడు. కథలో ఆయనకు జేకబ్ వైజర్ అనే భాగస్వామి కూడా ఉంటాడు. ఇద్దరూ జేకబ్‌లే, ఇద్దరూ జర్మన్లే, రెండు ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఒకరి బతుకు ఇంకొకరి ఖాతాలో పడడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ముందు ఒక పట్టిక గీయండి. మనిషికి ఒక వరుస కాదు, పత్రానికి ఒక వరుస. గడులు తొమ్మిది: పత్రం తేదీ, ఊరు, ఏ రకం పత్రం, పేరు ఉన్నది ఉన్నట్టుగా, వయసును బట్టి లెక్కకు వచ్చే పుట్టిన సంవత్సరం, పుట్టిన చోటు, వృత్తి, సాక్షులూ పొరుగువాళ్లూ, ఆ సమాచారం ఎవరు ఎప్పుడు చెప్పారు. పేరును సరిదిద్దకండి. తప్పుగా రాసి ఉంటే ఆ తప్పునే ఎక్కించండి. ఏ రెండు వరుసలనూ ఇప్పుడే కలపకండి. చాలామంది పొరపడేది ఇక్కడే. ముందే మనిషిని ఊహించుకుని పత్రాలను ఆయనకు తొడుగుతారు.

ఇక పేరు సంగతి. ఇంటిపేరు మధ్యలో 'టి' ఉన్నా లేకపోయినా (Waltz, Walz) జర్మన్ నోట పలుకు ఒకటే, 'వాల్ట్స్'. కాబట్టి ఆ ఒక్క అక్షరం తేడా చూసి ఇద్దరు మనుషులనకండి. అక్షరాలు కలిశాయని ఒక్కరే అనీ అనకండి. జర్మన్ చర్చి పుస్తకాల్లో ఇంకో చిక్కు ఉంది. చాలాసార్లు ఒకే ఇంట్లో అన్నదమ్ములందరికీ ముందు 'యోహాన్' చేరుతుంది: యోహాన్ యాకోబ్, యోహాన్ గేయోర్గ్. మన ఇళ్లలో వెంకట సుబ్బయ్య, వెంకట రామయ్య, వెంకట కృష్ణయ్య ఉన్నట్టే. పిలిచే పేరు రెండోది. వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకాలి.

ఇప్పుడు అసలు ముడి. 1848 నవంబర్ 12న మిసిసిపీ రాష్ట్రం నాచెజ్‌లో ఒక జేకబ్ పౌరసత్వం కోరుతూ తొలి ప్రకటన ఇచ్చాడు. 1861 జులై 19న లాస్ ఏంజెలెస్ కోర్టులో జేకబ్ వాల్ట్జ్ పౌరుడయ్యాడు. ఈ రెంటినీ కలిపి ఒకే జీవితంగా రాసేస్తుంటారు. దీన్ని పరీక్షించే దారి ఉంది. అప్పటి చట్టం ప్రకారం పౌరసత్వానికి ఐదేళ్ల నివాసం కావాలి, కనీసం రెండేళ్ల ముందు తొలి ప్రకటన ఇచ్చి ఉండాలి. అందుకే 1861 కాగితంలో తొలి ప్రకటన ఏ కోర్టులో ఇచ్చాడన్న మాట ఉందా అని చూడండి. నాచెజ్ అని ఉంటే ముడి గట్టిది. వేరే ఊరు ఉంటే వీళ్లు ఇద్దరు కావచ్చు. ఏమీ లేకపోతే 'తేలలేదు' అని రాసి వదలండి. 1906కు ముందు కాగితాలు కోర్టుకొక తీరుగా ఉండేవి, కాబట్టి ఆ మాట లేకపోవడం దేనికీ రుజువు కాదు.

సంతకాలు పోల్చాలని అందరికీ ఉంటుంది. పోల్చే ముందు అది అసలు కాగితమా, రిజిస్టర్‌లోకి ఎక్కించిన నకలా చూసుకోండి. కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులోని పెద్ద పుస్తకాల్లో దస్తావేజు మొత్తం, సంతకంతో సహా, గుమస్తా దస్తూరిలోనే ఉంటుంది. అక్కడ రెండు సంతకాలు ఒకేలా ఉన్నాయంటే రాసిన గుమస్తా ఒకడే అని అర్థం, అంతే. విడి కాగితాల మీది సంతకాలనే పోల్చండి.

'ఆ కౌంటీలో పేరు లేదు, కాబట్టి అక్కడ లేడు' అనే వాదనతోనూ జాగ్రత్త. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ 1871లో యావపాయ్ కౌంటీ నుంచి విడిపోయింది. అంతకుముందు నాటి కాగితాలకు యావపాయ్ ముఖ్యపట్టణం ప్రెస్కాట్‌లో వెతకాలి. 1890 జనాభా లెక్కల్లో చాలా భాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో పోయింది. వాల్ట్జ్ చివరి రోజుల గురించి ఆ లెక్కల మీద ఆశ పెట్టుకోకండి.

జనాభా లెక్కల్లో వయసు రెండు మూడేళ్లు అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు. ఇంట్లో ఎవరుంటే వాళ్లే చెప్పేవారు. ఒకే ఏడు రెండు చోట్ల పేరు కనిపించినా తొందరపడకండి. 1870 లెక్కలకు తేదీ జూన్ 1 అయినా గుమస్తాలు ఆ తర్వాత నెలల తరబడి తిరిగారు. గని పనివాడు ఈ లోపు ఊరు మారితే రెండుసార్లు ఎక్కవచ్చు. పేజీ పైనున్న తేదీలు పోల్చండి.

రెండు వరుసలను కలపాలంటే పేరు, దేశం కాక ఇంకా రెండు విడి ఆధారాలు కలవాలి: ఒకే సాక్షి, ఒకే స్థలం, ఒకే భూమి సరిహద్దు లాంటివి. విడదీయడానికి ఒక్క గట్టి వైరుధ్యం చాలు, కానీ అది గుమస్తా పొరపాటు కాదని ముందు తేల్చుకోవాలి. వైజర్ వరుసల్లో తొమ్మిదో గడిని ప్రత్యేకంగా చూడండి. వాల్ట్జ్ చనిపోయాక అచ్చయిన కథనమైతే, అది వైజర్‌కు సాక్ష్యం కాదు, కథ ఎప్పటికి ఎలా మారిందో చెప్పే సాక్ష్యం. దాన్ని వేరే రంగు పెన్నుతో రాయండి. సూపర్‌స్టిషన్ కొండల్లోని వీవర్స్ నీడిల్ శిఖరం పేరు వినడానికి దగ్గరగా ఉందని వైజర్‌తో ముడిపెట్టకండి. ఆ పేరు పాలీన్ వీవర్ అనే మార్గదర్శిది.

అభ్యాసం: 1848, 1861 కాగితాలూ, 1891 మరణమూ మూడు వరుసలుగా ఎక్కించండి. మీ చేతిలో నిజంగా ఉన్న సమాచారంతోనే గడులు నింపి, మిగిలినవి ఖాళీగా వదలండి. ఆ ఖాళీల జాబితా పట్టుకునే పాఠం 5లో భూమి కాగితాల్లోకి వెళ్తాం. సాల్ట్ నది ఉత్తర ఒడ్డున వాల్ట్జ్‌కు పొరుగున ఎవరున్నారో అక్కడ చూస్తాం.