ఆధార్ శిబిరం: యంత్రం రాకముందు, వెళ్లిపోయిన తర్వాత

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అసలు ఆధార్ లేనివారి కంటే, ఆధార్ ఉండి కూడా అది అక్కరకు రానివారే ఎక్కువగా ఎదురవుతారు. వేలిముద్ర పడక రేషన్ దుకాణం నుంచి వట్టి సంచితో తిరిగివచ్చే జీడిపప్పు కార్మికురాలు, పేరులో ఒక్క అక్షరం తేడాతో ఉపాధి హామీ కూలి ఆగిపోయిన సవర తెగ రైతు, ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తుందో తెలియని వలస కూలీ ఈ కోవకు చెందుతారు. మందస, మెళియాపుట్టి కొండ గూడేల్లో గానీ, శృంగవరపుకోట మండలంలోని ఎగువ ఊళ్లలో గానీ శిబిరం పెట్టదలచిన యువజన సంఘాలు, మహిళా సంఘాలు, ఉపాధ్యాయులు, గ్రామ సచివాలయ సిబ్బంది ఏయే పనులు ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఆ రోజు ఎంతమందిని నమోదు చేశామన్న లెక్క పై అధికారులకు పంపే నివేదికకు సరిపోతుంది. వారిలో ఎంతమంది చేతికి నంబరు వచ్చింది, ఆ నంబరుతో ఎంతమందికి డబ్బు అందింది అన్నదే నా దృష్టిలో అసలు లెక్క.

ముందు ఇల్లిల్లూ తిరగండి

శిబిరానికి కనీసం రెండు మూడు వారాల ముందు, ఆ ఊరి ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచర్‌నో వెంటబెట్టుకుని ప్రతి గడపకూ వెళ్లండి. ఒక పుస్తకంలో ప్రతి మనిషికీ ఒక వరుస కేటాయించి, ఆధార్ ఉన్నదా, వేలిముద్ర పడుతున్నదా, దానికి జోడించిన ఫోను నంబరు ఇప్పటికీ వారి చేతిలోనే ఉన్నదా, ప్రభుత్వ సొమ్ము ఏ బ్యాంకు ఖాతాలో పడుతున్నది అనే సంగతులు రాసుకోండి. గతంలో నమోదు చేయించుకుని, నంబరు రాక నమోదు చీటీ మాత్రమే మిగిలినవారిని వేరుగా గుర్తించండి. వారిని మళ్లీ కొత్తగా నమోదు చేయిస్తే, మొదటి నమోదుకే నంబరు వచ్చి ఉన్న పక్షంలో రెండోది తిరస్కరణకు గురవుతుంది, పని మరింత చిక్కుపడుతుంది.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, జాబ్ కార్డు నాలుగింటినీ పక్కపక్కన పెట్టి పేరు చదవండి. మన ప్రాంతంలో ఈ పనికి ఓపిక ఎక్కువే కావాలి. అప్పలనరసమ్మ ఒక కార్డులో ఒకే పదంగా ఉంటే, మరోదానిలో రెండు ముక్కలై ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరోచోట ఒక్క ఇంగ్లీషు అక్షరంగా ఉంటుంది. పైడితల్లి అన్న పేరు మగవారికీ ఆడవారికీ కూడా పెడతారు కనుక, ఊరు తెలియని ఆపరేటర్ స్త్రీ, పురుష గడిని ఊహించి నింపిన సందర్భాలూ ఉంటాయి. తేడా కనిపించగానే ఆధార్‌నే మార్చాలని తొందరపడకండి. ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒకసారి, లింగాన్ని ఒకసారి మాత్రమే మార్చుకునే వీలుంది. తప్పు పాస్‌బుక్‌లో ఉంటే బ్యాంకులోనే సరిచేయించండి, ఆధార్‌లో మిగిలిన అవకాశాన్ని అవసరానికి దాచుకోండి.

పాత జిల్లా పేరు గురించి కూడా చాలామంది ఆందోళన పడతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో రాజాం, వంగర, సంతకవిటి వంటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లాయి, సీతంపేట, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో కలిశాయి. పాత జిల్లా పేరు ఉన్నంత మాత్రాన కార్డు చెల్లకుండా పోదు. ఆ ఒక్క కారణంతో రుసుము కట్టించి శిబిరంలో వరుస పెంచుకోవద్దు.

వయసు, కాగితాలు

పుట్టిన తేదీ విషయంలో ఎంత జాగ్రత్త పడినా తక్కువే. కాగితం లేని పెద్దవారి వయసును ముఖం చూసి అంచనా వేసి, ఏదో ఒక సంవత్సరం జనవరి 1గా నమోదు చేసే అలవాటు చాలాచోట్ల ఉన్నది. రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకు సాధారణంగా 60 ఏళ్లు, గిరిజనులకూ మత్స్యకారులకూ 50 ఏళ్లు నిండాలి. ఆ రోజు వేసిన అంచనా అయిదేళ్లు తక్కువైతే, ఆ మనిషి అయిదేళ్ల పింఛను పోగొట్టుకుంటాడు. అందువల్ల వయసును ఇంటి దగ్గరే, తీరికగా, ఊరి పెద్దల సమక్షంలో సంఘటనల ఆధారంగా నిర్ధారించుకోండి. 1967లో గిరిజనోద్యమం రగిలిన నాటికి నడక వచ్చిందా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పటికి పెళ్లయిందా, పిల్లలైతే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రికి పుట్టారా అని అడిగితే, సంవత్సరం చెప్పలేనివారు కూడా దాదాపు కచ్చితమైన జవాబు చెబుతారు. ఈ కసరత్తు కాగితానికి ప్రత్యామ్నాయం కాదు. బడిలో చదివినవారికి బడి రికార్డు, ఓటరు జాబితాలో ఉన్నవారికి అందులోని వయసు ముందు చూసి, దానికి ఇది సరిపోతున్నదో లేదో తేల్చుకోవాలి.

పిల్లల సంగతి వేరు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. కాన్పు ఇంటి దగ్గర జరిగి, నమోదు కాకుండా ఏడాది దాటిపోతే సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి, అంటే పలాస, టెక్కలి, శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి ఆర్డీవో కార్యాలయాల్లో మీ ఊరికి సంబంధించిన దానికి దరఖాస్తు వెళ్లాలి. ఇది శిబిరం రోజున తెమిలే పని కాదు. కొండ మీది తల్లులు ఒక్కొక్కరే దిగి వెళ్లే బదులు, ఊరి దరఖాస్తులన్నీ ఒకే కట్టగా సచివాలయం ద్వారా పంపితే అధికారులు కూడా ఒకే విచారణలో ముగించగలుగుతారు. అయిదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు, తల్లి లేదా తండ్రి ఆధార్‌తో జోడిస్తారు. అయిదేళ్లు, పదిహేనేళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాపలు నమోదు చేయించడం తప్పనిసరి.

చిరునామా రుజువు లేని కోడలు, వృద్ధురాలు వంటివారికి కుటుంబ పెద్ద ఆధార్‌ను, బంధుత్వం తెలిపే పత్రాన్ని ఆధారంగా తీసుకుంటారు. కుటుంబ పెద్ద స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలి కనుక, ఆ రోజు ఆయన చెన్నైలో తాపీ పనిలోనో, వెరావల్ పడవ మీదనో ఉంటే పని ఆగిపోతుంది.

ఎప్పుడు, ఎక్కడ

ఈ కారణం చేతనే ఉద్దానం తోటల ప్రాంతంలోనూ తీర గ్రామాల్లోనూ శిబిరానికి సంక్రాంతి వారాన్ని మించిన అదను లేదు. కార్యాలయాలకు సెలవులన్నది నిజమే, అయినా వలస వెళ్లిన కుటుంబం మొత్తం ఒకే ఇంట్లో దొరికే రోజులు అవే కనుక, కనుమ మరునాటికైనా ఆపరేటర్‌ను ఒప్పించడానికి ముందునుంచే ప్రయత్నించండి. కొండ ఊళ్లకు సంత రోజు పనికిరాదు, ఆ రోజు ఊరంతా సంతలోనే ఉంటుంది. కావాలంటే సంత దగ్గరే యంత్రం పెట్టించండి.

సిగ్నల్‌ను ఊళ్లో కాదు, యంత్రం పెట్టబోయే బల్ల దగ్గర నిలబడి చూడండి. బడి వరండాలో రెండు గీతలు చూపించిన ఫోను, లోపలి గదిలో ఒక్కటీ చూపించకపోవచ్చు. కరెంటు పోతే నడిచేందుకు జనరేటరో బ్యాటరీయో, వృద్ధులు కూర్చోవడానికి నీడ, తాగడానికి నీరు సమకూర్చుకోవాలి.

సవర మాట్లాడే ఊరికి సవర తెలిసిన మనిషి లేకుండా వెళ్లవద్దు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వారి భాషలోనే పాఠాలు సిద్ధం చేశారు. నూరేళ్లు దాటిన తర్వాత కూడా మన కార్యాలయాల్లో ఆ భాషకు చోటు లేకపోవడం చిన్నతనమే. పేరు ఎలా పలకాలి, ఇంటిపేరు ఏది అన్న ప్రశ్నలకు జవాబు సొంత భాషలో వచ్చినప్పుడే తెర మీద సరిగా పడుతుంది.

యంత్రం ముందు

పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే మహిళ చేతిని ఒకసారి దగ్గరగా చూడండి. పెంకులోని నూనె తగిలి వేళ్ల కొసలు నల్లబడి, చర్మం పొరలుగా లేచి, గీతలు ఉండవలసిన చోట నున్నటి మచ్చలు కనిపిస్తాయి. ఆ వేలిని ఎంత గట్టిగా అదిమినా యంత్రం గుర్తించదు. అయితే పనికి విరామం దొరికితే కొత్త చర్మం వచ్చి గీతలు మళ్లీ తేలుతాయి. అందువల్ల ఇటువంటివారి వేలిముద్రల నవీకరణను పండుగ సెలవుల చివరి రోజుల్లో పెట్టించండి. సిమెంటు పని చేసేవారికీ, వలలు లాగేవారికీ ఇదే సలహా వర్తిస్తుంది. చేతులు సబ్బుతో కడిగించి, ఆరిన తర్వాత బాగా పొడిగా ఉన్న వేళ్లను తడిగుడ్డతో ఒకసారి తుడిపించండి. ఏ వేలు బాగా పడుతున్నదో ఆపరేటర్‌ను అడిగి తెలుసుకుని, అదే వేలిని రేషన్ దుకాణంలోనూ పెట్టమని చెప్పండి.

వేళ్లు లేనివారిని, కుష్ఠువ్యాధి వల్ల వేళ్లు పోయినవారిని, చూపు లేనివారిని వెనక్కి పంపే అధికారం ఎవరికీ లేదు. ఉన్న వేళ్లతో గానీ, కనుపాపలతో గానీ, రెండూ లేకపోతే మినహాయింపు విధానంలో ముఖం, చేతులు కనిపించే ఫొటోతో గానీ నమోదు చేయాలి. ఆపరేటర్‌కు ఈ విధానం తెలుసునో లేదో ముందే కనుక్కోండి. కనుపాప తీసేటప్పుడు ఎండ నేరుగా కంట్లో పడకుండా కుర్చీని తిప్పించండి.

చివరగా, వివరాలన్నీ నింపాక తెర మీది తెలుగు, ఇంగ్లీషు పేర్లను మీరు పైకి చదివి, ఆ మనిషి అవునన్న తర్వాతే ముగించనివ్వండి. కొత్త నమోదు ఉచితం. పెద్దవారి నవీకరణకు రుసుము ఉంటుంది, దానికి రసీదు తీసుకోండి.

ఫోను నంబరు

ఇంట్లో ఫోను లేనప్పుడు వాలంటీరు నంబరో, పక్కింటి అబ్బాయి నంబరో ఇచ్చేయడం జరుగుతుంటుంది. మున్ముందు ప్రతి ఓటీపీ ఆ పరాయి ఫోనుకే వెళ్తుంది. ఒకే నంబరును కుటుంబంలోని అందరికీ జోడించవచ్చు కనుక, ఊళ్లోనే స్థిరంగా ఉండే ఇంటి మనిషి నంబరు ఇప్పించండి. నెలల తరబడి రీఛార్జ్ చేయని సిమ్ ఆగిపోయి, ఆ నంబరు వేరొకరికి వెళ్లిపోతుందని కూడా చెప్పండి.

యంత్రం వెళ్లిపోయాక

చీటీ మీది 14 అంకెల నమోదు సంఖ్యతో పాటు దాని పక్కనున్న తేదీ, సమయం కూడా రాసి ఉంచండి, అవన్నీ కలిస్తేనే స్థితి తెలుస్తుంది. 18 ఏళ్లు దాటినవారి కొత్త నమోదులు రాష్ట్ర ప్రభుత్వ పరిశీలనకు వెళ్తాయి కనుక నెలలు పట్టవచ్చు. ఆధార్ సహాయ నంబరు 1947కు ఫోను చేస్తే తెలుగులో సమాధానం చెబుతారు. డోరు నంబరు లేని గూడేనికి పోస్టులో కార్డు చేరడం అనుమానమే. డౌన్‌లోడ్ చేసిన ఆధార్‌కు కూడా అదే విలువ ఉన్నది కనుక, నంబరు రాగానే సచివాలయంలో ముద్రించి ఇప్పించండి.

తర్వాత బ్యాంకు సంగతి. ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ నకలు ఇవ్వడం వేరు, ప్రభుత్వ సొమ్ము ఆ ఖాతాకే రావాలని, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ పట్టికలో జోడించడం వేరు. ఎన్ని ఖాతాలున్నా, ఆఖరుసారి జోడించిన దానికే డబ్బు వెళ్తుంది. 2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలి చెల్లింపు కూడా ఆధార్ ఆధారంగానే జరుగుతున్నది. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం సొమ్ము పడలేదని వచ్చే తల్లులలో కొందరి డబ్బు, ఎప్పుడో సిమ్ కొన్నప్పుడో అప్పు తీసుకున్నప్పుడో తెరిచిన మరచిపోయిన ఖాతాలో ఉంటుంది. ఏ ఖాతా జోడించి ఉన్నదో చూసి, అది సరైనది కాకపోతే కావలసిన బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా సమ్మతి ఇప్పించండి.

ఆధార్ ఇంకా రాలేదన్న కారణంతో రేషన్ గానీ పింఛను గానీ నిరాకరిస్తే, 2016 ఆధార్ చట్టం 7వ సెక్షన్‌ను చూపించండి. నంబరు కేటాయించేవరకూ ఇతర గుర్తింపు పత్రాలతో లబ్ధి అందించాలని ఆ సెక్షన్ చెబుతున్నది. నోటిమాటగా అడగడం కన్నా తహసీల్దార్ కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం మేలు.

వేలిముద్రతో డబ్బు ఇచ్చే చోట, మొదటిసారి పడలేదని చెప్పి రెండోసారి వేలు పెట్టించుకుని రెండు విత్‌డ్రాలు చేసే మోసం ఉన్నది. ప్రతిసారీ, పడకపోయినా సరే, చీటీ అడగాలని వృద్ధులకు నేర్పండి. తరచూ వాడనివారు తమ వేలిముద్రలను ఆధార్ అధికారిక యాప్‌లో తాళం వేసుకోవచ్చు, కానీ రేషన్‌కు నెలనెలా వేలు పెట్టవలసిన కుటుంబానికి అది ఇబ్బందే, వారికి సూచించవద్దు.

మీ సర్వే పుస్తకంలో ఎవరి 12 అంకెల నంబరూ రాయకండి, కార్డుల ఫొటోలు మీ ఫోన్లలో తీసుకోకండి, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. నకలు తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి. చీటీ సంఖ్యలున్న పేజీలను, ఆ ఊరి చివరి మనిషికి నంబరు వచ్చి ఖాతా జోడించిన తర్వాత, ఆ ఊరివారి ఎదుటే చించివేయండి.