బందీలున్న హోటల్‌లోకి ఎప్పుడు వెళ్లాలి? పిల్లలతో ఇలా చేయించండి

హనుమకొండలో ఎన్‌సీసీ పిల్లలకు నేను పెట్టే కసరత్తు ఇది. చార్టు మీద హోటల్ ప్లాన్ గీయండి. చింతగింజలు బందీలు, సోడా మూతలు మిలిటెంట్లు. గింజలు ఏ గదిలో ఉన్నాయో కమాండర్‌గా ఉన్న పిల్లకు చెప్పొద్దు. అసలు చిక్కంతా అక్కడే.

"ఇప్పుడే పోవాలా, ఆగాలా?" అని అడగండి. పోతే మన తూటాలు బందీలకూ తగలొచ్చు. ఆగితే లోపల రక్తం కారుతున్నవాళ్లు దక్కరు. 2008 నవంబరులో ముంబై హోటళ్ల మీద ఉగ్రదాడి జరిగినప్పుడు ఎన్‌ఎస్‌జీ (జాతీయ భద్రతా దళం) కమాండోలు హర్యానాలోని మానేసర్ నుంచి రావాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో వాళ్ల హబ్ (స్థావరం) పెట్టింది ఆ తర్వాతే. ఆలస్యానికి ఖరీదేంటో తెలియాలి, అందుకే ఐదు నిమిషాలకో గింజ తీసేయండి. పిల్లలు గొడవ పెడతారు, పెట్టనివ్వండి.

ఒకరిని టీవీ రిపోర్టర్‌ను చేయండి. ఆ లైవ్‌ను మిలిటెంట్ల జట్టు కూడా వినొచ్చు. ముంబైలో లైవ్ చూస్తూ పాకిస్తాన్‌లోని సూత్రధారులు లోపలివాళ్లకు ఫోన్‌లో చెప్పారు.

చివర్లో గాయపడి దొరికిన మిలిటెంట్‌ను, బందీని ఒకే అంబులెన్స్ ముందు పెట్టండి. "వాడికెందుకు సార్ వైద్యం?" అంటారు. ఎవరి గాయం పెద్దదైతే వాళ్లే ముందు. 1949 జెనీవా ఒప్పందాల్లో (యుద్ధ నియమాలు) నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న 3వ అధికరణం గాయపడ్డవాళ్లను చూడాల్సిందే అంటుంది. ముంబై దాడిలో ప్రాణాలతో దొరికిన కసబ్‌నూ ఆసుపత్రికే తీసుకెళ్లారు. బతికితేనే నోరు విప్పుతాడు కదా అని కూడా చెప్పొచ్చు. ఆ కారణం నాకంత నచ్చదు గానీ, పిల్లలు దానికే తొందరగా ఒప్పుకుంటారు.