కంపెనీ కర్బన లెక్క ఎలా వేయాలి?

మొక్కలు నాటి ఫొటో దిగడం, వార్షిక నివేదికకు ఆకుపచ్చ అట్ట వేయడం ఎవరైనా చేస్తారు. ‘మీ సంస్థ ఏడాదికి ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది?’ అని పెద్ద కొనుగోలుదారు ఫారం పంపినప్పుడే తడబాటు మొదలవుతుంది. చిన్న, మధ్యతరహా సంస్థకు ఈ లెక్క కోసం ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక స్ప్రెడ్‌షీట్, ఏడాది కరెంటు బిల్లులు, స్టోర్స్ రిజిస్టర్, ఏసీ సర్వీసు రిపోర్టులు ఉంటే చాలు.

ఎక్కువ సంస్థలు వాడే పద్ధతి జీహెచ్‌జీ (గ్రీన్‌హౌస్ గ్యాస్) ప్రోటోకాల్. 2001లో వచ్చి, 2004లో సవరణ పొందిన ఈ ప్రమాణం ఉద్గారాలను, అంటే గాల్లోకి వదిలే వాయువులను, మూడు స్కోప్‌లుగా విడదీస్తుంది. మీ ఆవరణలో, మీ సొంత వాహనాల్లో మండే ఇంధనం, లీకయ్యే ఏసీ గ్యాస్ స్కోప్ 1. కొన్న కరెంటు స్కోప్ 2. ముడిసరుకు, బయటి లారీలు, ఉద్యోగుల రాకపోకలు వంటి మిగతావన్నీ స్కోప్ 3.

1. హద్దు గీసుకోండి

ఏ ఏడాది, ఏయే స్థలాలు అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. ఆధార సంవత్సరంగా, అంటే తర్వాతి ఏళ్లను పోల్చిచూసే ఏడాదిగా, మామూలుగా నడిచిన ఏడాదినే తీసుకోండి. సగం రోజులు మూతపడిన ఏడాదిని తీసుకుంటే, తర్వాత ఎంత పొదుపు చేసినా ఉద్గారాలు పెరిగినట్టే కనిపిస్తాయి. ఇక్కడ తరచూ దొర్లే తప్పు జనరేటర్. దాని నుంచి వచ్చేదీ కరెంటే కదా అని స్కోప్ 2లో వేస్తారు. డీజిల్ మండింది మీ ఆవరణలో, కాబట్టి అది స్కోప్ 1.

2. డీజిల్

కొన్నది కాదు, కాల్చింది లెక్కించాలి. ఏడాది మొదట ట్యాంకులో 800 లీటర్లు ఉండి, 11,600 లీటర్లు కొని, చివర 400 లీటర్లు మిగిలితే వాడింది 12,000 లీటర్లు. లీటరు డీజిల్‌కు సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 32,160 కిలోలు, దాదాపు 32.2 టన్నులు. పెట్రోలుకు లీటరుకు సుమారు 2.3 కిలోలు వేసుకోండి.

3. కరెంటు

యూనిట్లను మీ దేశ గ్రిడ్ ఉద్గార గుణకంతో, అంటే ఒక యూనిట్ కరెంటు తయారీకి వెలువడే కార్బన్ డయాక్సైడ్ కిలోలతో, గుణించాలి. బొగ్గు మీద ఎక్కువగా ఆధారపడే గ్రిడ్‌కూ, జలవిద్యుత్ గ్రిడ్‌కూ ఈ అంకెలో చాలా తేడా ఉంటుంది. అందుకే వేరే దేశం నివేదికలోంచి అంకె ఎత్తి వేయకూడదు. ఉదాహరణకు గుణకం 0.7 కిలోలు అనుకుంటే 1,80,000 యూనిట్లకు 126 టన్నులు.

బిల్లు చదవడంలో మూడు చిక్కులున్నాయి. ఒకటి, బిల్లు 18వ తేదీ నుంచి 17 వరకు ఉంటే అది క్యాలెండర్ నెలతో సరిపోలదు. మొత్తం మీద 365 రోజులు వచ్చాయో లేదో రోజులు లెక్కపెట్టుకోండి. రెండు, పెద్ద కనెక్షన్లకు కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్‌ను కూడా కలుపుకొన్న కొలత) ప్రకారం బిల్లు రావచ్చు. మనకు కావలసింది కేడబ్ల్యూహెచ్, అంటే నిజంగా వాడిన యూనిట్లు. మీటరు రీడింగును మీరే రాసుకుంటే మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌తో (రీడింగును అసలు యూనిట్లుగా మార్చే అంకె) గుణించడం మరవకండి. మూడు, సోలార్ ఉండి నెట్ మీటరింగ్ అయితే, గ్రిడ్‌కు పంపిన యూనిట్లు తీసేసిన నికర అంకె కాకుండా, గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు వేయాలి.

4. ఏసీ గ్యాస్

ఎక్కువ మంది వదిలేసేది ఇదే, దెబ్బతీసేదీ ఇదే. ఆర్-410ఏ గ్యాస్ ఒక కిలో లీకైతే అది భూమిని వేడెక్కించడంలో 1,924 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏడాదిలో పది కిలోలు లీకైతే 19.24 టన్నులు. అంటే ఏడు వేల లీటర్లకు పైగా డీజిల్ కాల్చినంత! ఆర్-32కు ఈ అంకె 677. ఇవి ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం) ఐదో నివేదిక విలువలు. ఒకే నివేదిక విలువలను అన్ని గ్యాసులకూ వాడండి. ఆర్-22 వంటి ఓజోన్ పొరను దెబ్బతీసే గ్యాసులను స్కోప్‌లలో కలపకుండా విడిగా చూపాలి.

లీకు ఎంతో తెలిసేదెలా? ఏడాదిలో మళ్లీ నింపినంతా అంతకుముందు లీకైనదే అనుకోవాలి. మెకానిక్ వచ్చినప్పుడు సిలిండర్‌ను నింపకముందు ఒకసారి, నింపాక ఒకసారి తూచి, ఆ తేడాను రిపోర్టులో రాయించండి. ‘గ్యాస్ టాపప్ చేశాం’ అని మాత్రమే రాసిన కాగితం లెక్కకు పనికిరాదు. కొత్త యంత్రం బిగించినప్పుడు మొదటిసారి నింపింది మాత్రం లీకు కాదు.

5. స్కోప్ 3

ఇందులో 15 విభాగాలున్నాయి. అన్నీ ఒకే ఏడాదిలో పట్టుకోబోతే పని ఎటూ తెగదు. ముందు ఉజ్జాయింపుగా చూసి, పెద్దవి రెండు మూడు తేల్చండి. తయారీ సంస్థలో అది చాలాసార్లు ముడిసరుకే. వదిలేసిన వాటి పేర్లు, ఎందుకు వదిలేశారో నివేదికలో రాయండి. కర్బన క్రెడిట్లు (వేరేచోట తగ్గించిన ఉద్గారాలకు డబ్బిచ్చి కొనే పత్రాలు) కొన్నారా? వాటిని మొత్తంలోంచి తీసివేయకండి, విడి వరుసలో చూపండి.

6. ఉద్గారాల కోత ఎక్కడ మొదలుపెట్టాలి?

లైట్లు మార్చడం మంచిదే. కానీ పరికరాలకు ఒత్తిడితో గాలి పంపే ఎయిర్ కంప్రెసర్ ఉన్న కర్మాగారంలో నేను ముందు అక్కడికే వెళ్లమంటాను. సెలవు రోజు గాలితో నడిచే పరికరాలన్నీ ఆపి, వాల్వులు తెరిచే ఉంచి, కంప్రెసర్‌ను మామూలు ఒత్తిడి దగ్గర నడపండి. ఎంతసేపు లోడ్‌లో (గాలి నింపుతూ) ఉంది, ఎంతసేపు అన్‌లోడ్‌లో (నింపకుండా) ఉంది అన్నది నాలుగైదు విడతలు స్టాప్‌వాచ్‌తో చూసి సగటు తీయండి. లోడ్ సమయాన్ని రెండింటి మొత్తంతో భాగించి వందతో గుణిస్తే లీకు శాతం. 2 నిమిషాలు లోడ్, 6 నిమిషాలు అన్‌లోడ్ అయితే 25 శాతం: కంప్రెసర్ సామర్థ్యంలో నాలుగో వంతు ఏ పనీ చేయకుండా లీకుల్లో పోతోంది, దానికి పట్టే కరెంటూ వృథానే. 10 శాతం దాటితే సబ్బునీళ్లు పట్టుకుని గొట్టాల అతుకులు, కప్లింగులు, డ్రెయిన్ వాల్వులు తిరగండి. బుడగ లేచిన చోటల్లా చీటీ కట్టి, బిగించాక అదే పరీక్ష మళ్లీ చేసి, రెండు శాతాలనూ తేదీతో రిజిస్టర్‌లో పక్కపక్కనే రాయండి.