విరామ స్థితి నుంచి బయలుదేరిన బస్సు: లెక్క ఎక్కడ తప్పుతోంది?

బస్సు విరామ స్థితి (కదలకుండా ఆగి ఉన్న స్థితి) నుంచి బయలుదేరి సమత్వరణంతో, అంటే ప్రతి సెకనుకూ వేగం ఒకే మొత్తంలో పెరుగుతూ, 20 సెకన్లలో గంటకు 72 కి.మీ. వేగం అందుకుంది, అంతలో ఎంత దూరం వెళ్లింది? ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ఈ లెక్క ఎప్పుడిచ్చినా నాకు మూడు జవాబులు వస్తాయి: 200 మీటర్లు, 400, 720. సరైనది 200. మిగతా రెండూ గాల్లోంచి ఊడిపడినవి కావు, వచ్చిన అంకెను బట్టి ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పేయొచ్చు.

జవాబు సరిగ్గా రెట్టింపు వచ్చింది (400)

తుదివేగాన్ని కాలంతో గుణించేశారు, అంతే. సెకనుకు 20 మీటర్ల వేగం ఆ చివరి క్షణంలోనే ఉంది. బయలుదేరినప్పుడు సున్నా, పదో సెకను పూర్తయ్యేసరికి 10. సగటు తీస్తే 10, దాన్ని 20తో గుణిస్తే 200.

సూత్రం బట్టీ పట్టేకన్నా ఒక్కసారి వేగం-కాలం గ్రాఫ్ గీసి చూడండి. సున్నా దగ్గర మొదలై ఏటవాలుగా పైకి లేచే గీత, దాని కింద ఒక త్రిభుజం. దాని వైశాల్యమే దూరం: ½ × 20 × 20 = 200. 400 తెచ్చుకున్నవాళ్లు త్రిభుజం బదులు దాని చుట్టూ ఉన్న చదరం మొత్తానికి వైశాల్యం కట్టారన్నమాట. దూరం = ½ × త్వరణం × కాలం² అనే సూత్రంలో ఆ ½ ఈ త్రిభుజంలోంచి వచ్చిందే, ఇది కళ్లారా చూసినవాళ్లు మళ్లీ ఆ ½ మర్చిపోవడం నేనైతే చూడలేదు.

జవాబు మరీ పెద్దగా వచ్చింది (720)

గంటకు కి.మీ.లో ఉన్న 72ను సెకనుకు మీటర్లలోకి మార్చకుండా అలాగే వాడారు: ½ × 72 × 20 = 720. ముందు 5/18తో గుణించి 20 చేసుకోండి, తర్వాతే సూత్రం జోలికి వెళ్లండి.

"ఐదో సెకనులో" అని అడిగితే తప్పు పోతోంది

ఇది ఫిజిక్స్ తప్పు కాదు, చదవడంలో తప్పు. "ఐదు సెకన్లలో" అంటే మొదటి నుంచి మొత్తం, "ఐదో సెకనులో" అంటే నాలుగు పూర్తయ్యాక గడిచిన ఆ ఒక్క సెకను. పరీక్ష టెన్షన్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే ప్రశ్నలో ఆ మాట కింద గీత గీసుకోమంటాను. త్వరణం 2 మీ/సె² అయితే 5 సెకన్లలో 25 మీటర్లు, 4 సెకన్లలో 16, కాబట్టి ఐదో సెకనులో 9 మీటర్లే.

ఇక్కడ కాసేపు ఆగి ఒక్కో సెకనుకూ విడిగా రాసి చూడండి: 1, 3, 5, 7, 9. వరసగా బేసి సంఖ్యలు! గెలీలియో వాలుపలక మీద కంచు గుండు దొర్లించి, సరైన గడియారం లేక, పాత్రలోంచి కారిన నీటిని తూచి కాలం కొలుస్తూ పట్టుకున్న నియమం (దూరం కాలం²ను బట్టి పెరుగుతుంది) వెనకున్నది ఇదే. విరామ స్థితి నుంచి బయలుదేరితే త్వరణం ఎంతున్నా ఈ నిష్పత్తి మారదు, మీ జవాబు సరిచూసుకోవడానికి బాగా పనికొస్తుంది. సగం కాలంలో సగం దూరం వెళ్తుందనుకునేవాళ్లకూ జవాబు ఇందులోనే ఉంది: మొదటి రెండు సెకన్లలో 4 మీటర్లు, నాలుగు సెకన్లలో 16, అంటే సగం కాలంలో వెళ్లేది పావు దూరమే.

దూరం మైనస్‌లో వచ్చింది

లెక్క రెండు దశల్లో ఉన్నప్పుడు ఇలా అవుతుంది. అదే బస్సుకు 20 మీ/సె వేగం వచ్చాక డ్రైవర్ 3 సెకన్లు బ్రేక్ వేశాడు, వేగం సెకనుకు 4 చొప్పున తగ్గింది అనుకోండి. "విరామ స్థితి నుంచి" అన్న మొదటి మాటే మనసులో ఉండిపోయి ఇక్కడ కూడా తొలివేగం సున్నా వేస్తే −18 వస్తుంది, అంటే బస్సు 18 మీటర్లు వెనక్కి వెళ్లిందని రాసినట్టే. మైనస్ కొట్టేసి 18 అని రాసేయకండి. మొదటి దశ తుదివేగమే రెండో దశకు తొలివేగం: 20 × 3 − ½ × 4 × 9 = 60 − 18 = 42 మీటర్లు. దశ మారిన చోటల్లా అడ్డగీత గీసి, దాని కింద కొత్త తొలివేగం రాసుకున్నాకే ముందుకెళ్లండి.