'క్రానికల్ ఆఫ్ యాన్ ఎస్కేప్' ఎలా చూడాలంటే

2006లో వచ్చిన అర్జెంటీనా సినిమా, డైరెక్టర్ అడ్రియాన్ కాయెతానో. జైలు నుంచి పారిపోయే సినిమా అనగానే సొరంగాలు, మ్యాపులు ఊహించుకుని కూర్చోకండి, అసలది జైలే కాదు. బ్యూనోస్ ఐరెస్ పక్కన మొరోన్‌లో మాన్సియోన్ సెరే అనే పాత బంగళా, దాన్ని ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు మనుషుల్ని ఎత్తుకొచ్చి దాచే చోటుగా వాడుకున్నారు. కేసుండదు, కోర్టుండదు, ఎక్కడున్నారో ఇంట్లోవాళ్ళకి తెలీదు.

ముందు ఒక డేట్ గుర్తుపెట్టుకోండి చాలు, 1976 మార్చి 24, అర్జెంటీనాలో మిలిటరీ గద్దెనెక్కిన రోజు. అప్పటికి మన దగ్గర ఎమర్జెన్సీ నడుస్తోంది గానీ రెండూ ఒకటే అనుకోవద్దు, అక్కడ ఎత్తుకెళ్ళినవాళ్ళలో వేలమంది మళ్ళీ కనపడలేదు. సరిగ్గా రెండేళ్ళకి అదే మార్చి 24న ఆ బంగళాలోని నలుగురు బందీలు కిటికీలోంచి దిగి పారిపోయారు, ఇది స్క్రిప్ట్ రైటర్ తెలివి కాదండి, నిజంగానే అలా జరిగింది.

హీరో ఆ నలుగురిలో ఒకరైన క్లాదియో తంబుర్రీని, అల్మాగ్రో అనే ఫుట్‌బాల్ క్లబ్ గోల్‌కీపర్. తర్వాత ఆయనే రాసుకున్న పుస్తకం నుంచి తీసిన సినిమా ఇది.

ఫోన్‌లో చూడకండి, చూసినా హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. కళ్ళకి గంతలు కట్టేస్తారు కాబట్టి వాళ్ళకి మిగిలింది చెవులే, తలుపు చప్పుడైతే చాలు ఒళ్ళు బిగుసుకుపోతుంది, మనకీ అంతే. స్పానిష్ ఆడియోనే ఉంచి సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే బెటర్. పిల్లలతో వద్దు, అన్నం తింటూ అసలే వద్దు. కొట్టే సీన్లు తట్టుకోలేకపోతే కాసేపు ఆపండి, అందులో సిగ్గుపడేదేం లేదు.

ఇక చివరి అరగంట. ఆయుధం లేదు, బయట సాయం లేదు, ఒక స్క్రూ, ముడేసిన దుప్పట్లు, అంతే. ఒంటిమీద బట్టల్లేవు, చేతులకి బేడీలు, ఆ నలుగురూ వీధిలో పడ్డాక ఏ తలుపు కొట్టాలో తెలీదు, నాకైతే కిటికీ సీన్ కన్నా అదే ఎక్కువ భయం వేసింది. (స్పాయిలర్ అంటారేమో, టైటిల్‌లోనే ఉంది కదా!)

అయిపోయాక వెంటనే ఇంకోటి పెట్టేయకుండా 1978 జూన్ ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ వీడియో వెతకండి. అర్జెంటీనా సొంతగడ్డ మీద గెలిచింది, మిలిటరీ అధినేత విదేలా స్వయంగా కప్పు అందిస్తాడు, స్టేడియం ఊగిపోతుంటుంది. ఈ గోల్‌కీపర్ తప్పించుకుని అప్పటికి మూడు నెలలే.